చలికి నేల ఉండదు

చేతిలో ఉన్న మీట నొక్కాలి, శబ్దం వినపడగానే నొక్కాలి, ఎంత సన్నగా వినపడినా సరే నొక్కాలి, అదే కదా ఆ అమ్మాయి చెప్పింది, అదే అయ్యుంటుంది, పెదాలు అలాగే కదిలాయి, వేలితో నొక్కి కూడా చూపించింది, తర్వాత అతని చెవులకి హెడ్‌ఫోన్లు సర్ది, దళసరి తలుపు లాగి వెళ్ళిపోయింది. ఇప్పుడతను చిన్న గదిలో కుర్చీలో ఒక్కడే. గోడలనిండా గుంటలు గుంటలుగా నల్లటి స్పాంజి, ఎదురుగా అద్దం, అద్దానికి అవతల బల్ల దగ్గర ఆ అమ్మాయి. సగం జీవితం ఇలాంటి గదుల్లోనే గడిచింది. రికార్డింగ్ గదులూ ఇంతే, ఇదే స్పాంజి, ఇదే అద్దం, కాకపోతే అక్కడ అద్దానికి అవతల కూర్చునేది అతను, లోపల నిలబడి చెమటలు కక్కేది వేరేవాళ్ళు, "ఇంకోసారి" అనేది అతను. ఇప్పుడెవరూ ఇంకోసారి అనడంలేదు. ఏమీ వినపడటంలేదు. మొదలుపెట్టిందో లేదో తెలియడంలేదు. చెవిలో ఎప్పుడూ ఉండే ఈల మాత్రం ఉంది, ఆగకుండా, అది లెక్కలోకి రాదనుకుంటా, అది బయటిది కాదు కదా. అప్పుడు చూశాడు. ఆ అమ్మాయి కుడి భుజం కొద్దిగా, చాలా కొద్దిగా కిందికి దిగింది, శబ్దం పంపుతున్నట్టుంది. మీట నొక్కాడు. ఆమె తలూపి ఏదో రాసుకుంది. కాసేపటికి భుజం మళ్ళీ దిగింది, మళ్ళీ నొక్కాడు. గుమ్మడికాయల దొంగంటే ఎవడో భుజాలు తడుముకున్నాడట, ఇక్కడ దొంగ ఇంకొకళ్ళ భుజాలు చూస్తున్నాడు. గడ్డం నెరిసిన మనిషి, బడిపిల్లాడిలా పక్కవాళ్ళ పేపర్లో చూసి రాస్తున్నాడు, అదీ తన చెవుల పరీక్షలో. ఒళ్ళంతా వేడెక్కింది. అయినా కళ్ళు ఆ భుజం మీదనుంచి కదల్లేదు.

రానని ఎంతో చెప్పాడు. అక్క వింటేనా? అక్కకి ఒకటి తోచిందంటే దేవుడు దిగొచ్చినా ఆగదు. ఆ రోజు పొయ్యి మీద పెనం పెట్టి మర్చిపోయి, వెనకగదిలో పాడైన ఆంప్లిఫయరు ముందేసుకుని తీగలు అతుకుతున్నాడు. ఎప్పుడు మాడిందో, ఎప్పుడు పొగలేచిందో, పైకప్పుకి బిగించిన పొగగంట ఎప్పుడు మొదలుపెట్టిందో, మెట్లమీద ఇరుగుపొరుగంతా ఎప్పుడు పోగయ్యారో అతనికి తెలియదు. తలెత్తేసరికి ఎదురుగా అక్క, రెండు చెవులూ మూసుకుని, నోరు తెరిచి ఏదో అరుస్తూ. "ఏంటక్కా, ఎప్పుడొచ్చావు?" అన్నాడు. ఎంత మామూలుగా అన్నాడో! ఆమె అలాగే చూసింది. పరుగెత్తి వెళ్ళి పొయ్యి కట్టేసి, చీపురు తిరగేసి పైకప్పు మీది ఆ గంటని నాలుగు పొడిచి, తిరిగొచ్చి కింద కూలబడి, "ఒరేయ్, అది చచ్చినవాళ్ళని కూడా లేపుతుంది కదరా" అంది. ఏదో ఆలోచనలో ఉన్నానన్నాడు. అతనెప్పుడూ ఏదో ఆలోచనలోనే ఉంటాడు, వాళ్ళింట్లో అందరికీ తెలిసిందే, చిన్నప్పటినుంచీ అదే సాకు, అన్నిటికీ అదే. ఈసారి అక్క ఒప్పుకోలేదు. ఈ చెవుల ఆసుపత్రిలో అపాయింట్‌మెంటు తనే తీసుకుంది, తనే తీసుకొస్తానంది, తీరా ఈ రోజు ఆఫీసులో సెలవు దొరక్క మొగుణ్ణి పంపింది. పంపడానికి ఇంకెవరూ దొరకనట్టు! బావ వచ్చాడు. అక్క చెబితే బావ కొండమీదున్నా దిగివస్తాడు. కారెక్కించుకున్నాడు. రేడియో పెట్టలేదు. "బెల్టు పెట్టుకో" అన్నాడంతే, అదీ ముందు రోడ్డు వైపు చూస్తూ. ఇప్పుడు బయట నడవాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంటాడు, మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని, పాత పత్రిక కూడా తిరగెయ్యకుండా. వాళ్ళ బ్యాండు చివరి రికార్డు తయారైన దగ్గర్నుంచీ బావ అతనితో మాట్లాడటంలేదు.

భుజం దిగింది. నొక్కాడు.

బావ బావ కాకముందునుంచీ బావే. అంటే వరసకి కాదు, ఊరికే అలా పిలిచేవాడు, స్నేహంలో, ఆ పిలుపు చివరికి నిజమై కూర్చుంది. నలుగురు కలిసి బ్యాండు పెట్టుకున్న కొత్తల్లో, మొదటి కచేరీ నుంచి తిరిగొస్తూ బావని ఇంటికి తీసుకొచ్చాడు. ఇద్దరి మొహాలకీ సున్నం కొట్టినట్టు తెల్లరంగు, కళ్ళచుట్టూ బొగ్గుపూత, పెదాలు నలుపు, మోచేతులకి మేకులు గుచ్చిన తోలుపట్టీలు, బ్లాక్ మెటల్ అంటే అదే కదా, చలి, చావు, అడవి, దేవుడు లేని ఆకాశం, వాటి గురించి గొంతు చీలేలా కేకలు. తలుపు తీసింది అక్క. తమ్ముణ్ణి వదిలేసి ఆ రెండో దెయ్యాన్ని చూసి, "మీరు మొహం కడుక్కుంటారా, అలాగే తింటారా?" అని అడిగింది. బావ కడుక్కున్నాడు. కడుక్కుని వచ్చేసరికి కథ ముగిసింది. దెయ్యాల్లో ఇంత సిగ్గరి ఉంటుందని నాకు తెలీదురా అని అక్క తర్వాతెప్పుడో అంది. బేస్ గిటారు వాయించేవాళ్ళు అంతే కాబోలు, నాలుగు లావుపాటి తీగలతో అడుగున ఎక్కడో ఉంటారు, పైన ఊగేది తనలాంటి గిటారు వాళ్ళు, అరిచేది పాటవాళ్ళు. వాళ్ళ పాటగాణ్ణి గద్ద అనేవారు, సాయంత్రాలు గద్దలా అరిచేవాడు, పగలు పసిపిల్లల బడిలో చేతులు తిప్పుతూ పాటలు నేర్పేవాడు, గొంతు అరిగిపోయిందని అక్కడి ఆయాలు తేనె ఇచ్చేవాళ్ళు పాపం. డ్రమ్ములు కొట్టేవాడు మేస్త్రీ, నిజంగానే ఇళ్ళు కట్టే మేస్త్రీ. నలుగురికీ ఒకటే ఒట్టు: మన రికార్డు మీద పరాయి చెయ్యి పడకూడదు. రికార్డు చేసేది మనమే, శబ్దాలు కలిపేది మనమే, పైవాడెవడూ వచ్చి నున్నగా చెయ్యకూడదు. ఎంత గొప్పగా ఉండేది ఆ మాట! పరాయి చెయ్యి పడుంటే ఏమయ్యేది? ఎవడో ఒక కుర్రాడు, ఏ స్టూడియోలోనో జీతానికి పనిచేసేవాడు, ఒక్క పూటలో చెప్పేసేవాడు, సార్, మీ చెవులు చూపించుకోండి అని.

చివరి రికార్డని ఎవరికీ తెలియదు అప్పుడు. అదీ అన్నిట్లాగే మొదలైంది. మేస్త్రీ షెడ్డులో వాయించారు, బావ ఎప్పుడూ లేనంత బాగా వాయించాడు, అది అందరికీ తెలుసు, గద్ద కూడా ఒప్పుకున్నాడు, "బావకి ఈసారి పూనకం వచ్చిందిరోయ్" అన్నాడు. కలపడం అతని పని, ఎప్పుడూ అతనిదే. రోజూ సాయంత్రం పని నుంచి రాగానే ఆ నాలుగు వాద్యాలనీ ముందేసుకుని కూర్చునేవాడు. గిటార్లు మందంగా ఉన్నాయి. దుప్పటి కప్పుకుని వాయించినట్టున్నాయి. సన్నగా, పదునుగా ఉండే పై శబ్దాలు పెంచాడు. చాల్లేదు. ఇంకా పెంచాడు. డ్రమ్ముల మీది తాళాలసలు వినపడటంలేదని మేస్త్రీకి ఫోన్ చేసి తిట్టాడు, కొట్టావా నిమిరావా అన్నాడు, మేస్త్రీ బిక్కచచ్చిపోయి మళ్ళీ వాయిస్తానన్నాడు, ఆడలేక మద్దెల ఓడనేవాళ్ళని చూశాం గానీ వినలేక మద్దెల ఓడన్నది మాత్రం ఇతనొక్కడే. అంతా మందం, అంతా మసక, ఒక్క బావది తప్ప. బావది మాత్రం గదంతా నిండేది. గోడవార నీళ్ళు చేరినట్టు అన్నిటి కిందకీ చేరి, అన్నిటినీ ముంచేసేది. ఎంత లావుగా వాయించాడీ మనిషి అని విసుక్కున్నాడు. తగ్గించాడు. ఇంకా ఉంది. మరికాస్త తగ్గించాడు. చివరికి ఒక సాయంత్రం మీట పూర్తిగా కిందికి దించేసి, హమ్మయ్య, ఇప్పుడు గిటార్లు కాస్త బయటపడ్డాయి అనుకుని, లేచి ఒళ్ళు విరుచుకున్నాడు. ఆ హాయి ఇంకా గుర్తుంది. మనిషిని తుడిచేసి అంత హాయిగా ఎలా ఒళ్ళు విరుచుకున్నాడు?

తెలియదా? నిజంగా తెలియదా? ఇక్కడ, ఈ గదిలో, ఎవరూ వినని చోట అయినా నిజం చెప్పుకోవచ్చు కదా. అప్పుడు తెలియదు, కలుపుతున్నప్పుడు తెలియదు, ఒట్టు. కానీ తర్వాత? గద్ద మొదటిసారి వింటూ వింటూ హెడ్‌ఫోన్లు పీకేసి, చెవులు పట్టుకుని, "రక్తం కారుతోందిరా బాబూ!" అని అరిచి, వచ్చి కౌగిలించుకున్నాడే, అప్పుడు? గద్ద కళ్ళల్లో నిజంగా నీళ్ళు తిరిగాయి, నొప్పితో తిరిగాయి, అది చూశాడతను, తనకేం నొప్పి పుట్టలేదని కూడా అప్పుడే గమనించాడు, గమనించి పక్కన పెట్టేశాడు. వేరే ఏ సంగీతమైనా అయ్యుంటే వాళ్ళలో ఎవడో ఒకడు ఆగి, ఏంట్రా ఇది, ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్ళు అనేవాడు. పెళ్ళిలో బాజా వాయించేవాడు ఇలా వాయిస్తే తన్ని తగలేస్తారు. వాళ్ళ సంగీతంలో చెవి కోస్తే గొప్ప, కడుపులో తిప్పితే ఇంకా గొప్ప. చెవిటివాడు కలిపిన రికార్డుని చేతులెత్తి మొక్కేవాళ్ళు ఈ భూమ్మీద ఎవరైనా ఉన్నారంటే అది వీళ్ళే, ఆ చెవిటివాడికి దొరికింది కూడా వీళ్ళే.

భుజం. నొక్కాడు. ఆ అమ్మాయి ఇటు చూసింది, మళ్ళీ కాగితంలోకి చూసుకుంది.

అందరూ కలిసి విన్న రోజున బావ షెడ్డులో గోడకానుకుని కింద కూర్చున్నాడు. పాట మొదలవగానే అలవాటుగా వేళ్ళు మోకాలి మీద కదిలాయి, తను వాయించినదంతా మోకాలి మీద మళ్ళీ వాయిస్తున్నాడు, రెండో పాటలో వేళ్ళు మెల్లబడ్డాయి, తర్వాత ఎక్కడో ఆగిపోయాయి.  మొత్తం అయ్యాక అతనికేసి చూసి, కోపంగా కూడా కాదు, దారి తప్పినవాడు అడిగినట్టు, "ఒరేయ్, ఇందులో నేనెక్కడున్నాన్రా?" అన్నాడు. అప్పుడు చెప్పొచ్చు. అప్పటికి ఫోన్ మోగడం వినపడటంలేదు, పొద్దున్నే కిటికీలో పిట్టల అరుపులు ఆగిపోయాయి, చెట్టు నరికేశారేమో అనుకున్నాడు, చూస్తే చెట్టుంది, పిట్టలున్నాయి, నోళ్ళు తెరుస్తున్నాయి. చెప్పొచ్చు. "బావా, నాకు చెవులు సరిగ్గా పనిచెయ్యడంలేదు" అంటే ఎంతసేపు? నాలుగు ముక్కలు. కానీ గద్ద చూస్తున్నాడు, మేస్త్రీ చూస్తున్నాడు, కౌగిలింతల వేడింకా ఆరలేదు, నోరు తెరిస్తే వేరేది వచ్చింది. "చలికి నేల ఉండదు బావా" అన్నాడు. "మనం పాడేది చలి గురించి. నేలుందంటే నిలబడటానికి చోటున్నట్టే కదా. వినేవాడి కాళ్ళకింద ఏమీ ఉండకూడదు. అందుకే నీది తీసేశాను." ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట! ముందెప్పుడూ అనుకోలేదు. అబద్ధం అంత అందంగా ఉంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? గద్ద చప్పట్లు కొట్టాడు. "అబ్బ, ఏం మాటన్నావురా" అన్నాడు మేస్త్రీ, తాళాల గురించి పడ్డ తిట్లు కూడా మర్చిపోయి. బావ "సరే" అన్నాడు. లేచి బేస్ గిటారు సంచీలో పెట్టుకుని జిప్పు లాగాడు, ఆ జిప్పు లాగడం కనపడింది గానీ వినపడలేదు. ఆ తర్వాత ఇక రానని అక్కతో కబురు పంపాడు. బావ లేనప్పుడు నేనెవరిని చూసి కొట్టాలి అని మేస్త్రీ మానేశాడు. గద్ద కొన్నాళ్ళు ఫోన్లు చేశాడు. అలా బ్యాండు పోయింది. పోయాక రికార్డు బయటికొచ్చింది, విన్నవాళ్ళు ఆహా అన్నారు, ఇంత చల్లని రికార్డు వినలేదన్నారు, ఎవడో ఇంటర్వ్యూ అడిగితే అదే మాట మళ్ళీ చెప్పాడు, ఈసారి ఇంకాస్త సానపట్టి, మధ్యలో ఎక్కడ ఆగాలో కూడా చూసుకుని. ఇప్పుడా మాటని పిల్లకాయలు చొక్కాలమీద అచ్చేసుకుంటున్నారు. అక్క ఒక్కతే ఏమీ అనలేదు. ఒకసారి అన్నం పెడుతూ, "మీ బావ ఈమధ్య అసలు వాయించడంలేదురా" అంది. అతను మజ్జిగ అడిగాడు.

భుజం దిగింది. నొక్కాడు. చెవుల్లో గరగరమని ఏదో మోగి ఉలిక్కిపడ్డాడు. ఆ అమ్మాయి మైకులో మాట్లాడుతోంది, మైకులో కాబట్టి గట్టిగానే వచ్చింది. "సార్, ఇప్పుడు నేనేమీ ఇవ్వలేదు. ఊరికే చెయ్యి కదిపానంతే." తల కొట్టేసినట్టయింది. నేల ఉండదని చెప్పినవాడు ఇప్పుడు ఆ నేలే చీలితే బాగుండుననుకున్నాడు. ఆమె నవ్వలేదు, అదే కష్టంగా ఉంది, నవ్వినా బాగుండేది. "ఫరవాలేదు, చాలామంది చేస్తారు. మొదటినుంచి చేద్దాం. కొంచెం గోడవైపు తిరిగి కూర్చుంటారా?" తిరిగాడు. బడిలో గోడవైపు నిలబెట్టినట్టు తిరిగి కూర్చున్నాడు. కళ్ళముందు స్పాంజి గుంటలు. ఇప్పుడు భుజం లేదు, పెదాలు లేవు, సాకు లేదు. మీట మీద వేలు అలాగే ఉంది, నొక్కడానికి ఏమీ రావడంలేదు, ఈల, ఈల, వట్టి ఈల, ఆమె అవతల ఏవేవో పంపుతూనే ఉండి ఉంటుంది, అన్నీ ఈ స్పాంజిలోకి ఇంకిపోతున్నాయి కాబోలు. ఎంతసేపో. ఇంతేనా? ఇంత పోయిందా?

అప్పుడు వచ్చింది. కింద ఎక్కడో పుట్టి, ఊఁ అని, గుండ్రంగా, మెత్తగా, చెవిలోకి కాదు, ఛాతీలోకి వచ్చినట్టు వచ్చింది. నొక్కాడు. తగ్గింది. నొక్కాడు. ఇంకా తగ్గింది, దూరంగా వెళ్ళిపోతూ కూడా వినపడుతూనే ఉంది, నొక్కాడు, నొక్కాడు, గోడ అవతల ఎవరో ఊపిరి పీల్చినంత సన్నమైనా నొక్కాడు. ఇది తెలిసిన శబ్దం. బావ లావుపాటి తీగని వట్టిగా మీటితే ఇలాగే ఉంటుంది, షెడ్డు కిటికీ అద్దాలు అదిరేవి, మేస్త్రీ తలెత్తి నవ్వేవాడు. ఇది చెడిపోలేదు. అన్నీ పోయాయి, ఇదొక్కటీ ఉంది, కొత్తగా పుట్టినవాడికి వినపడినంత బాగా వినపడుతోంది. అప్పుడూ ఇంతే కదా, ఆ సాయంత్రాలన్నీ ఇంతే. బావ లావుగా ఏమీ వాయించలేదు. బావ సరిగ్గానే వాయించాడు, అందరిలోకీ చక్కగా వాయించాడు, ఆ రికార్డు మొత్తంలో ఉన్నదున్నట్టు అతను విన్నది అదొక్కటే. విన్నదాన్నే తీసేశాడు. వినపడని వాటికోసం. చెంపలమీద తడి తుడుచుకోవడానికి చెయ్యెత్తితే మీట నొక్కుకుపోయింది, ఆమె మళ్ళీ ఏమనుకుందో.

తలుపు తీసి ఆమె లోపలికొచ్చి, ఎదురుగా, పెదాలు కనపడేలా నిలబడింది. నెమ్మదిగా చెప్పింది. పై శబ్దాలు దాదాపు పోయాయట, అది ఒక్కరోజులో జరిగేది కాదట, ఏళ్ళు పట్టి ఉంటుందట. "కిందివి మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి సార్. మీ వయసుకి అంత బాగుండటం ఆశ్చర్యమే" అంది, ఓదార్పుగా. చెవులకి మిషన్లు పెట్టుకోవచ్చంది, కొంతవరకు తిరిగొస్తుందంది. తర్వాత, "మీతో ఇంట్లోవాళ్ళెవరైనా వచ్చారా? వాళ్ళకి కూడా చెబితే మంచిది" అంది. లేరనొచ్చు. టాక్సీలో వచ్చాననొచ్చు. బావ అడగడు కూడా, ఇంటికి దింపేసి, అక్కతో "అయింది" అని ఊరుకుంటాడు, ఆ చొక్కాల మీది మాట అలాగే ఉంటుంది, చివరి రికార్డు చల్లని రికార్డుగానే ఉంటుంది, చచ్చేదాకా ఉంటుంది. "మా బావ ఉన్నాడు, బయట" అన్నాడు. తన గొంతు తనకే వేరేలా వినిపించింది.

బావ వచ్చి పక్క కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు. ఆ అమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళి కాగితాలు సర్దుకుంటోంది. ఆమె వచ్చి చెప్పేలోపలే చెప్పాలి, ఆమె నోట వింటే అది రోగం అవుతుంది, తప్పు కాకుండా పోతుంది. "బావా, ఆ రికార్డు కలిపేటప్పటికే నాకు చెవులు పోయాయి. గిటార్లు వినపడలేదు, తాళాలు వినపడలేదు. నీదొక్కటే వినపడేది. మిగతావన్నీ అదే మింగేస్తోందనుకుని తీసేశాను. చలి, నేల, అదంతా అప్పటికప్పుడు పుట్టిన అబద్ధం. నిన్ను చూసి భయమేసి చెప్పాను. తర్వాత తెలిసీ చెప్పాను." ఒక్క గుక్కలో చెప్పేసి, తిట్టమన్నట్టు తల వంచాడు. కొడితే బాగుండును. బావ కొట్టే మనిషి కాదు.

"అంటే నిజం కాదా అది?" అన్నాడు బావ.

"కాదు బావా."

బావ కూడా తల వంచుకున్నాడు. మోకాళ్ళ మీద చేతులకేసి చూసుకుంటూ, తనలో తను గొణుక్కున్నట్టు అన్నాడు: "నేను నిజమేననుకున్నాన్రా. అందరూ బాగుందన్నారు కదా. నేను లేకపోతేనే బాగుంటుంది కాబోలనుకున్నాను. మన పాతవన్నీ మళ్ళీ పెట్టుకుని విన్నాను, ఎక్కడెక్కడ చెడగొట్టానో చూద్దామని. అన్నిట్లోనూ చెడగొట్టినట్టే వినపడిందిరా నాకు."

బల్ల దగ్గర్నుంచి ఆ అమ్మాయి తలెత్తి, "ఏమన్నారండీ? నాకు వినపడలేదు" అంది.

బావది లావు గొంతు. అతనికి ఒక్క అక్షరం పోకుండా వినపడింది.